‘ఏం కావాలన్నా చెప్పండి’ అన్నాక చేయాల్సిన పని

ప్రశ్న: మా వీధిలో 36 ఇళ్లు. మేం అద్దెకు వచ్చి నాలుగు నెలలే అయింది, ఎవరితోనూ పెద్దగా పరిచయం లేదు. ఎదురింటాయనకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. మొన్ననే ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చారు. భార్య, స్కూలుకెళ్లే పిల్లలిద్దరు ఉన్నారు. వీధి వాట్సాప్ గ్రూపులో అందరూ ‘ఏం కావాలన్నా చెప్పండి’ అని పెట్టారు, ఆవిడ ఒక్కటీ అడగలేదు. మొదటి రోజు ఐదిళ్ల నుంచి భోజనాలొచ్చాయి, సగానికి పైగా పారబోశారు. నిన్న ఒక్కరూ పంపలేదు. ఇక్కడివాళ్లు మంచివాళ్లే. మేం దిగిన రోజు మేమెవరో కూడా తెలియకుండా సామాన్లు మోసిపెట్టారు. ఈ సాయాన్ని ఒక పద్ధతిలో పెడదామని ఉంది గానీ, నిన్నగాక మొన్న వచ్చినదానికి ఈ పెత్తనం దేనికి అనుకుంటారేమోనని జంకుగా ఉంది. డబ్బు పోగుచేద్దామని కూడా కొందరంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: ముందు మీ జంకు సంగతి. ఇలాంటి పనికి కొత్తగా వచ్చినవాళ్లు ఒకరకంగా మేలు. పాత గొడవలు మీకు లేవు, ఎవరికి ఎవరితో మాటల్లేవో తెలియదు కాబట్టి అందరి తలుపూ తట్టగలరు. మీకు లేనిది నమ్మకం ఒక్కటే. అందుకని ఆ వీధిలో ఎక్కువకాలంగా ఉంటున్న ఒకరిని వెంట పెట్టుకోండి. పెద్ద పేరున్నవాళ్లే కానక్కర్లేదు, ఎదురింటి ఇల్లాలు ఎవరితో మొహమాటం లేకుండా మాట్లాడుతుందో ఆ మనిషైతే చాలు. ఆ మనిషి ఇంటివాళ్లతో మాట్లాడాలి, మీరు వీధితో మాట్లాడాలి. ఇద్దరు సరిపోతారు. కమిటీ జోలికి పోకండి. ఏడుగురు కూర్చుంటే మొదటి వారం మీటింగులతోనే గడిచిపోతుంది.

ఇక అసలు చిక్కు. మీ వీధిలో మంచితనానికి లోటు లేదు. ‘ఏం కావాలన్నా చెప్పండి’ అన్న మాట ఎంత మనస్ఫూర్తిగా అన్నా, పనంతా వినేవాళ్ల మీదికే నెడుతుంది. ఏం కావాలో ఆవిడే తేల్చుకోవాలి, ఎవరినడగాలో ఆవిడే ఎంచుకోవాలి, వాళ్లు నిజంగానే అన్నారా మాటవరసకన్నారా అని ఆవిడే అంచనా వేసుకోవాలి. మూడు రాత్రులు నిద్రలేని మనిషికి అంత ఓపికెక్కడుంటుంది? పైగా అడగాల్సి వచ్చినప్పుడు ఎదుటివాళ్లు కాదంటారనే భయం మనందరికీ ఉండాల్సినదానికంటే ఎక్కువే ఉంటుంది. 2008లో ఫ్రాన్సిస్ ఫ్లిన్, వనెస్సా లేక్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని కొలిచి చూశారు. ముక్కూ మొహం తెలియనివాళ్ల చేత ప్రశ్నపత్రాలు నింపించుకురమ్మని కొందరిని పంపారు. ఐదు పత్రాలు నిండాలంటే ఇరవై మందినైనా అడగాల్సి వస్తుందని వెళ్లేవాళ్లు అనుకున్నారు, నిజానికి పదిమందితోనే పనైపోయింది. అంటే మనం అనుకునేదానికి రెండింతలు సులువుగా జనం ‘సరే’ అంటారు. కాకపోతే అది ఎదురుగా నిలబడి, ఒక మనిషిని, ఒక పని అడిగినప్పటి సంగతి.

గ్రూపులో పెట్టిన మెసేజ్ సంగతి వేరు. బిబ్ లటానే, జాన్ డార్లీ అనే మనస్తత్వ పరిశోధకులు 1968లో అచ్చువేసిన ప్రయోగంలో, పక్క గదిలో ఒక మనిషికి ఫిట్స్ వచ్చినట్టు హెడ్‌ఫోన్లలో వినిపించారు. వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్లలో నూటికి 85 మంది ఆ గొంతు ఆగేలోపే లేచి సాయానికి వెళ్లారు. తనతోపాటు ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్లలో 31 మందే కదిలారు. వాళ్లకు జాలి లేక కాదు, ఎవరో ఒకరు వెళ్లే ఉంటారులే అనిపించింది. మీ వీధిలో మొదటి రోజు ఐదు క్యారియర్లు, నిన్న సున్నా రావడం వెనకున్నదీ ఇదే. ఎవరు ఏం చేస్తున్నారో ఎవరికీ తెలియదు. కాబట్టి గ్రూపును కబురు చెప్పడానికే వాడండి, పని అప్పజెప్పడానికి మాత్రం పేరుపేరునా ఫోన్ చేయండి. ‘బుధవారం సాయంత్రం నాలుగున్నరకు పిల్లల్ని స్కూలు నుంచి తీసుకురాగలరా?’ అనడగాలి. ఇలాంటి ప్రశ్నకు అవునో కాదో తేలిపోతుంది. కాదన్నా ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఫోన్లకన్నా ముందు ఆ ఇంటికి వెళ్లి ఆవిడ సమ్మతి తీసుకోవాలి. ఆయన మంచం దగ్గర కూర్చుని ఈ మాటలు మాట్లాడకండి, తనకోసం వీధి మొత్తం వంతులేసుకుంటోందని వినడం ఏ మనిషికైనా కష్టమే. వేరే గదిలో ఇరవై నిమిషాలు కూర్చోండి, ఒక కాగితం, పెన్ను తీసుకెళ్లండి. ‘మీకేం కావాలి?’ అని అడగొద్దు, ‘ఏమీ వద్దండీ’ అనే జవాబొస్తుంది. ‘నిన్న పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఏం జరిగిందో చెప్పండి’ అనండి. గంటగంటకూ రాసుకుంటూ పోతే, ఎక్కడ రెండు పనులు ఒకేసారి మీద పడుతున్నాయో కాగితమే చూపిస్తుంది. ఇలాంటి ఇళ్లలో ఇంచుమించు ఎప్పుడూ తేలేది పొద్దున ఏడు నుంచి తొమ్మిది. ఆయన్ను శుభ్రం చేసి బట్టలు మార్చాలి, మందులేయాలి, అదే సమయానికి పిల్లలు స్కూలుకు తయారవ్వాలి. భోజనం కన్నా ఆ రెండు గంటలకు పిల్లల పని చూసే మనిషి దొరికితే ఆవిడకు ఎక్కువ ఊరట. మీరు ఇలా అడిగేదాకా ఆ సంగతి ఆవిడకే తట్టి ఉండదు.

అదే కాగితం వెనక వద్దనుకున్నవి కూడా రాయండి. ఎవరెవరు ఇంట్లోకి రావొచ్చు, ఏ వేళ రాకూడదు, ఆయన జబ్బు గురించి వీధికి ఎంతవరకు చెప్పొచ్చు, డబ్బు మాట ఎత్తొచ్చా లేదా. ఒక మాట గట్టిగా చెప్పండి: ఏ సాయమైనా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా ఆపేయమనే హక్కు ఆవిడది. ఆయన మాట్లాడగలిగే స్థితిలో ఉంటే ఆయన ఇష్టం కూడా ఆవిడ చేతే కనుక్కోండి. పక్కింటివాళ్లు తనకు బట్టలు మార్చడం ఇష్టంలేని మనిషి మీద ఆ సాయం రుద్దితే అది సాయమనిపించుకోదు.

భోజనాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అందరూ మొదట చేసేదీ, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే. రోగికి వండే పని వీధి నెత్తిన పెట్టుకోకండి. పక్షవాతం తర్వాత చాలామందికి మింగడం కష్టమవుతుంది. నీళ్లలాంటి పల్చటి ద్రవాలు దారితప్పి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియాకు దారితీయొచ్చు. తినేటప్పుడు దగ్గు రావడం, తాగాక గొంతు బొంగురుగా, తడితడిగా వినిపించడం దానికి గుర్తులు. ఏం తినాలో, ఎంత చిక్కగా తాగాలో డాక్టరో స్పీచ్ థెరపిస్టో (మాట, మింగడం సరిచేసే నిపుణులు) చెప్పి ఉంటారు. ఉప్పు విషయంలో కూడా పట్టింపు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే రోజుకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, బీపీ ఉన్నవాళ్లకు ఇంకా జాగ్రత్త కావాలి. పదిహేను వంటిళ్లలో పదిహేను చేతుల ఉప్పు ఒక్కలా ఉండదు. కాబట్టి ఆయన ఆహారం ఆవిడ చేతిలోనే ఉండనివ్వండి. మీరు మిగతా ముగ్గురికి పంపండి. ఇది వినగానే కొందరు చిన్నబుచ్చుకుంటారు, ఆయనకోసమే కదా చేసింది అంటారు. ముగ్గురి వంట తప్పితే ఆయన్ను చూసుకునే తీరిక ఆవిడకు దొరుకుతుందని చెప్పండి, అర్థం చేసుకుంటారు.

మూడు పూటలూ పంపాలనుకోవద్దు. రోజుకు ఒక పూట, అదీ రాత్రిది, వారానికి ఐదు రోజులు చాలు. మిగిలిన రెండు రోజులు ఉన్నది తింటారు, లేదా వాళ్లకు నచ్చింది వాళ్లే వండుకుంటారు. తన వంటింట్లోకి తాను వెళ్లే అవకాశం కూడా ఆవిడకు ఉండాలి. లెక్క చూడండి: ఆరు వారాలకు 30 పూటలు. 15 ఇళ్లు ఒప్పుకుంటే ఇంటికి రెండే వంతులు పడతాయి. 36 ఇళ్లలో 15 ఇళ్లు దొరకడం కష్టమేమీ కాదు. ఇంటికి రెండు వంతులంటే ఎవరికీ బరువనిపించదు, అందుకే చివరిదాకా నిలబడుతుంది. మొదటి వారమే ఎగబడి రెండో వారానికి చల్లబడే ఇళ్లకు, మూడో వారం వంతులు కావాలని మీరే ఇవ్వండి. వారానికొక ఇంటిని ఆపద్ధర్మంగా ఖాళీగా ఉంచుకోండి. వంతు ఉన్నవాళ్లకు జ్వరమొస్తే వాళ్లు మీకు ఫోన్ చేయాలి, ఆ ఇంటికి కాదు. మీరు ఖాళీగా ఉంచిన ఇంటికి చెబుతారు. ముందురోజు సాయంత్రం ఒక గుర్తుచేసే మెసేజ్ తప్పదు. ఎంత మంచివాళ్లయినా మర్చిపోతారు, మర్చిపోయామని తెలిసి సిగ్గుపడి తర్వాత అసలు కనిపించరు.

ఎంత పంపాలంటే, ముగ్గురికి ఒక పూటకు సరిపడా, అంతే. ఎక్కువ పంపడం ప్రేమలా కనిపిస్తుంది గానీ ఆ మిగిలినదాన్ని సర్దడం, ఫ్రిజ్‌లో చోటు చూడటం, పారేయాల్సి వచ్చినందుకు బాధపడటం ఆవిడ నెత్తికి చుట్టుకుంటాయి. వండిన పదార్థం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, ఎండ బాగా మండే రోజుల్లో గంటే. అంతకు మించితే అందులో సూక్ష్మక్రిములు పెరగడం మొదలవుతుంది, మళ్లీ వేడిచేసినా కొన్నిటి విషం పోదు. అందుకని వండగానే పంపాలి, ఎన్నింటికి వండారో మూతమీద కాగితం అంటించి రాయాలి. చేరే వేళ కూడా మారకూడదు. ఏడున్నర అంటే ఏడున్నరే. ఆ ఇంట్లో ఎవరైనా షుగరుకు ఇన్సులిన్ వేసుకుని భోజనం కోసం కూర్చుంటే, గంట ఆలస్యం వల్ల షుగరు పడిపోయి కళ్లు తిరగొచ్చు.

డబ్బాల గొడవ చిన్నదనుకుంటారు గానీ సాయం అందుకునేవాళ్లను అన్నింటికన్నా ఎక్కువ విసిగించేది అదే. ఏ గిన్నె ఎవరిదో తెలియదు, కడిగి తిరిగి ఇవ్వాలి, ఇవ్వడానికి వెళితే పది నిమిషాలు నిలబడి ఆయన పరిస్థితి చెప్పాలి, ఖాళీగా ఎలా ఇస్తాంలే అని ఏదో ఒకటి పెట్టాలనిపిస్తుంది. దీనికి విరుగుడు సులువే. ప్రతి డబ్బా అడుగున ఇంటి నంబరు చెరగని పెన్నుతో రాయండి. వాకిట్లో ఒక బుట్ట పెట్టించండి. వచ్చినవాళ్లు నిండు డబ్బా బుట్టలో పెట్టి, నిన్నటి ఖాళీ డబ్బాలు తీసుకుని, బెల్లు కొట్టకుండా వెళ్లి, ‘పెట్టాం’ అని ఒక్క మెసేజ్ పంపాలి. ఆ ఖాళీ డబ్బాలు ఎవరివి వాళ్లకు చేర్చే పని వంట చేయలేని ఇంటికి అప్పజెప్పండి. వయసైపోయినవాళ్లు, ఒంటరిగా ఉండేవాళ్లు, రాత్రి డ్యూటీలు చేసేవాళ్లు కూడా ఏదో ఒకటి చేయాలనుకుంటారు. వాళ్లకు తగిన పని చూపించకపోతే తమను పక్కన పెట్టారనుకుంటారు.

పిల్లల పనిలో ఒకటే నియమం, రోజుకొకరు మారొద్దు. ఒకరో ఇద్దరో, వాళ్లకు బాగా తెలిసినవాళ్లే, ఫలానా మనిషని తల్లే చెప్పి ఒప్పుకున్నవాళ్లే తీసుకెళ్లాలి, తీసుకురావాలి. ఆ సంగతి స్కూలుకు కూడా తల్లే చెప్పాలి. దారిలో కనిపించిన ప్రతివాళ్లూ ‘నాన్నకెలా ఉంది? మాట వస్తోందా? నడుస్తున్నారా?’ అని పిల్లల్ని ఆపి అడగటం మాన్పించండి. ఒక్కరు అడిగితే ఫర్వాలేదు. గేటు దగ్గర ఒకరు, మెట్ల దగ్గర ఒకరు, బస్సు దిగాక ఇంకొకరు అడిగితే, ఆ పిల్లాడు రోజుకు మూడుసార్లు అదే చేదు వార్త తన నోటితో చెప్పాలి. కబురు కావాలన్నవాళ్లను మీ దగ్గరికి రమ్మనండి. ఆవిడ చెప్పమన్నంత మేరకు మీరు వారానికోసారి గ్రూపులో రెండు వాక్యాలు రాస్తే సరిపోతుంది.

ఆయన్ను ఎత్తడం, కూర్చోబెట్టడం లాంటివి ఉత్సాహంతో చేయాల్సిన పనులు కావు. పడిపోయిన చేతిని పట్టుకుని లాగితే భుజం కీలు జారిపోవచ్చు, అక్కడ బిగించి ఉంచే కండరాలకు పట్టు ఉండదు. ఆ నొప్పితో వ్యాయామమే ఆగిపోతుంది. మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడు మామూలుగా కుర్చీని బాగున్న వైపు, అంటే ఆయనకు కుడివైపు పెడతారు. తోడు మనిషి పడిపోయిన వైపు నిలబడి నడుము దగ్గర పట్టు ఇస్తాడు. చక్రాల కుర్చీ అయితే ముందు బ్రేకులు వేయాలి, పాదాల పలకలు పైకి మడవాలి. చదివి చేసేయకండి. ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు వీధిలో బలంగా ఉన్న ఇద్దరిని పిలిచి, ఆ థెరపిస్టు ఎదుటే ఒకసారి చేయించుకోండి. ఆ ఇద్దరే చేయాలి, మిగతావాళ్లు చెయ్యి వేయకూడదు. ఒకవేళ ఆయన కింద పడితే వెంటనే లేపేయాలని చూడొద్దు. తల తగిలిందా, ఎక్కడ నొప్పి, చూసి, ఇద్దరు వచ్చేదాకా తలకింద దిండు పెట్టి అలాగే ఉంచాలి. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానమున్నా, విపరీతమైన నొప్పి ఉన్నా కదపకుండా అంబులెన్సు పిలవాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు చిన్న దెబ్బ కూడా లోపల పెద్దది కావచ్చు.

ఆవిడకు మీ వీధి ఇవ్వగలిగిన అతిపెద్ద సాయం రాత్రి నిద్ర. తనంతట తాను పక్కకు తిరగలేని మనిషిని పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి అటూ ఇటూ మార్చమంటారు. అంటే చూసుకునేవాళ్లకు రాత్రంతా కలత నిద్రే. వారానికి రెండు రాత్రులు, పదకొండు నుంచి ఐదు దాకా ఒకరు ఆ గదిలో కూర్చుంటే ఆవిడ వేరే గదిలో ఆరు గంటలు పడుకోవచ్చు. దీనికి పక్కకు తిప్పడం నేర్చుకున్న మనిషే కావాలి, లేదా బంధువుల్లో ఒకరిని ఆ రాత్రులకు రప్పించి, ఆ బంధువుకు పగలు విశ్రాంతి మీ వీధి చూడొచ్చు. పగటిపూట రెండు గంటలు తోడుండే మనిషి దొరకడం తేలికే.

ఎవరు తోడున్నా మంచం పక్క గోడకు ఒక కాగితం అంటించి ఉండాలి: మందుల వేళలు, ఏవి నోటితో ఇవ్వొచ్చు ఏవి ఇవ్వకూడదు, డాక్టరు నంబరు, అంబులెన్సు నంబరు, ఇంటి పూర్తి చిరునామా, భార్య ఫోన్ నంబరు. చిరునామా దేనికంటారా? కంగారులో కొత్త మనిషికి ఇంటి నంబరు గుర్తుకురాదు. అదే కాగితం మీద మళ్లీ పక్షవాతం వస్తే కనిపించే గుర్తులు కూడా రాయండి. మూతి ఒకవైపు కొత్తగా జారడం, బాగున్న చెయ్యి కూడా పైకెత్తలేకపోవడం, మాట తడబడటం లేదా ఉన్నట్టుండి అర్థంకాకుండా పోవడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా అంబులెన్సు పిలిచి, చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో రాసిపెట్టాలి. ఆస్పత్రిలో మొదట అడిగేది ఆ సమయమే, చికిత్స దానిమీదే ఆధారపడుతుంది. నీళ్లు గానీ మాత్ర గానీ నోట్లో వేయకూడదు.

చూడటానికి వచ్చేవాళ్లకు పదిహేను నిమిషాలు హద్దు పెట్టండి, ఒకేసారి ఇద్దరికి మించొద్దు. పక్షవాతం తర్వాత అలసట ఎలా ఉంటుందంటే, నలుగురి మాటలు వినడమే ఒక బరువు పని. ఎడమవైపు పడిపోయినవాళ్లలో కొందరికి ఆ వైపు ఉన్నవి చూపు ఉన్నా గమనికలోకి రావు. ఎడమపక్క కూర్చుని పలకరిస్తే పలకలేదని, మనిషిని గుర్తుపట్టలేదని బాధపడి వెళ్లిపోతారు. ఏ పక్కన కూర్చోవాలో థెరపిస్టును అడిగి కుర్చీ అక్కడే వేసి ఉంచండి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయనకు ఉన్నట్టుండి ఏడుపు రావచ్చు, నవ్వు కూడా రావచ్చు. అది మెదడుకు తగిలిన దెబ్బ వల్ల, మీరన్న మాట వల్ల కాకపోవచ్చు. కంగారుపడి పది మాటలు ఓదార్చకుండా ఒక నిమిషం ఊరుకుంటే సర్దుకుంటారు.

వచ్చేవాళ్లలో ఒకరకం మనుషుల్ని మాత్రం గుమ్మం దగ్గరే ఆపాలి. ‘ఫలానావాళ్లకు ఈ మందు వేస్తే వారంలో లేచి నడిచారు’ అంటూ పొడులూ తైలాలూ సీసాలతో వచ్చేవాళ్లు. వాళ్ల మనసు మంచిదే, అందుకే కాదనడం కష్టం. కానీ రక్తం పలచబడే మందులతో కొన్ని మూలికలు, మామూలు నొప్పి మాత్రలు కూడా కలిస్తే రక్తస్రావం అయ్యే ప్రమాదముంది. ఇది ఆవిడ తన నోటితో చెప్పలేని మాట, మీరు మొదటి మెసేజ్‌లోనే రాసేయండి: ‘డాక్టరు రాసినవి తప్ప ఏ మందూ, నూనే, పొడీ ఇంటికి పంపొద్దు.’ అందరికీ కలిపి చెబితే ఏ ఒక్కరినీ అన్నట్టుండదు.

డబ్బు సంగతి భోజనాలతో కలపకండి. ఇంటివాళ్లు సరేనంటేనే ఎత్తాలి. వాళ్లు వద్దంటే అక్కడితో ఆపేయాలి, రహస్యంగా పోగుచేసి తెచ్చి చేతిలో పెట్టడం లాంటివి వద్దు. సరేనంటే మీరిద్దరూ కాకుండా వేరే ఇద్దరు చూసుకోవాలి, ఒకరు తీసుకోవాలి, ఒకరు రాయాలి. ఎవరెంత ఇచ్చారన్నది ఆ ఇద్దరికి తప్ప తెలియకూడదు. గ్రూపులో పేర్లూ అంకెలూ పెడితే ఇవ్వలేనివాళ్లు తలదించుకుంటారు, తక్కువ ఇచ్చినవాళ్లు భోజనం పంపడానికి కూడా మొహమాటపడతారు. మొత్తం ఎంత వచ్చింది, దేనికి పోయింది అన్నది మాత్రం వారం వారం చెప్పాలి. దేనికని ముందే చెప్పి పోగుచేయండి: ఫిజియోథెరపీకి, మంచం అద్దెకు, ఇలా. వీలైతే ఆ బిల్లు నేరుగా కట్టేయండి, రసీదు ఆవిడకు ఇవ్వండి. మిగిలితే ఏం చేస్తారో కూడా మొదటి రోజే చెప్పాలి. గొడవలు ఎక్కువగా మిగిలిన డబ్బు దగ్గరే వస్తాయి. ఇచ్చేటప్పుడు ఫొటోలు తీయొద్దు. ఎవరైనా తీయబోతే మీ పక్కనున్న పెద్దమనిషి చేత ఆపించండి, మీరు ఆపితే కొత్తవాళ్లన్న మాట అక్కడ పడుతుంది.

ఎవరు ముందుకు రాలేదో లెక్క రాసుకోవడం మీ పని కాదు. ఒక ఇంటి తలుపు వెనక ఏముందో మీకు తెలియదు. అదే ఇంటివాళ్లు ఐదో వారంలో కారుతో వస్తారు. దీనికి ఎదురుగా, అన్నీ తానే చేసే మనిషి ఒకరు తప్పక తయారవుతారు. రోజూ వెళతారు, వంటింట్లో సామాన్లు తమకు నచ్చినట్టు సర్దుతారు, ఎవరు రావాలో తామే చెబుతారు. నెలలోపు అలిసిపోయి, ఎవరూ పట్టించుకోవట్లేదని కోపం తెచ్చుకుంటారు. ఆ మనిషికి ఒక గట్టి పని ఒక్కటే ఇచ్చి, మిగతావి వేరేవాళ్ల పేరున ముందే రాసేయండి. మీరే ఆ మనిషి కాకుండా కూడా చూసుకోండి. పట్టిక మీ చేతిలో ఉంది కాబట్టి ఖాళీగా కనిపించిన ప్రతి గడిలోనూ మీ పేరే రాసుకోవాలనిపిస్తుంది. వారానికి రెండు గడులు దాటొద్దు.

గ్రూపులో పెట్టాల్సిన మెసేజ్ ఇంతకన్నా పెద్దది అక్కర్లేదు: ‘ఎదురింటివాళ్ల సమ్మతితో చెబుతున్నాం. వచ్చే సోమవారం నుంచి ఆరు వారాలు, సోమవారం నుంచి శుక్రవారం దాకా, రాత్రి ఏడున్నరకు ముగ్గురికి భోజనం కావాలి. పిల్లల్ని తీసుకురావడానికి, ఫిజియోథెరపీకి కారులో తీసుకెళ్లడానికి, పగలు తోడుండటానికి మనుషులు కావాలి. రేపు ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాం, కుదిరితే సరే, కుదరకపోతే కుదరదని చెప్పండి, చాలు. అడగకుండా భోజనాలు, మందులు పంపొద్దు. ఇంటికి ఫోన్ చేయకుండా మాకు చేయండి.’ కింద మీ ఇద్దరి పేర్లు, నంబర్లు. దీనికి చేతులు జోడించిన బొమ్మలు బోలెడొస్తాయి, వాటిని పట్టికలో రాసుకోకండి. ఫోనులో ‘సరే’ అన్నవే లెక్క.

ఆరు వారాలని ముందే చెప్పడం ఇచ్చేవాళ్లకూ తీసుకునేవాళ్లకూ మేలు. ఎప్పుడు ఆపాలో తెలియని సాయం చెప్పకుండా ఆగిపోతుంది, అప్పుడు తామేం తప్పు చేశామోనని ఆ ఇంటివాళ్లు మథనపడతారు. ఐదో వారంలో మళ్లీ ఆవిడతో కూర్చోండి. మామూలుగా అప్పటికి భోజనాల అవసరం తగ్గుతుంది, వారానికి మూడు, తర్వాత ఒకటి, ఆ తర్వాత ఆపేయొచ్చు. తగ్గకూడనిది ఫిజియోథెరపీ ప్రయాణం. పక్షవాతం నుంచి కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా ఉంటుంది, వీధి ఉత్సాహం చూస్తే మూడు వారాలకే చల్లారుతుంది. అందుకని కారున్నవాళ్లను, స్కూటరు మీద వెళ్లి మందులు తేగలవాళ్లను మొదట్లోనే వాడేయకుండా, సగం మందిని రెండో మూడో నెలలకు దాచుకోండి. వంట వంతు పూర్తిచేసిన ఇళ్లను కూడా ‘మీ పనైపోయింది’ అని వదిలేయకుండా, వారానికి రెండు గంటలు ఆవిడకు బయటికెళ్లే వీలు కల్పించే పనికి అడగండి. ఆ రెండు గంటలు ఆవిడ ఏం చేసుకుంటుందో ఎవరూ అడగకూడదు.

ఈ మధ్యలో ఆవిడ మీతో ‘మీ అందరి ఋణం ఎలా తీర్చుకోవాలి’ అని తప్పకుండా అంటుంది. ‘అయ్యో, అదేం మాట’ అని కొట్టిపారేయకండి, తీసుకోవడమే తప్ప ఇవ్వడం లేని చోట ఎవరూ ఎక్కువకాలం హాయిగా ఉండలేరు. ఇంటి నుంచే చేయగలిగింది ఏదైనా ఉంటే అడగండి. ఎవరికో వచ్చిన పార్సిల్ తీసుకుని ఉంచడం, ఎవరి పిల్లలకో అరగంట లెక్కలు చెప్పడం. అదీ ఆవిడ అన్న తర్వాతే, నాలుగైదు వారాలు గడిచాకే.

అంతా సద్దుమణిగాక ఒక పని మిగులుతుంది, చాలామంది దాన్ని మర్చిపోతారు. తోడున్నవాళ్ల దగ్గరున్న ఇంటి తాళంచెవులన్నీ వెనక్కి తీసుకుని ఆవిడకు లెక్కపెట్టి అప్పజెప్పండి. మందుల చీటీ, డిశ్చార్జ్ కాగితాల ఫొటోలు ఎవరెవరి ఫోన్లలో ఉన్నాయో వాళ్లకు విడిగా చెప్పి తీసేయించండి. ఈ పనికోసం వేరే గ్రూపు పెట్టి ఉంటే దాన్ని మూసేయండి.